ఐదు పాయింట్లు తక్కువైన తొమ్మిదో వాడు

2025 నవంబరులో ఒక రాత్రి మా బావమరిది ఫోన్ చేసి, పలకరింపులేవీ లేకుండా నేరుగా అడిగాడు. "బావా, ఎనిమిది మందే ఆడే టోర్నీ అన్నావు గదా. మరి తొమ్మిదో ప్లేసు వాడు దాంట్లో ఎలా ఆడుతున్నాడు?"

అతను క్రికెట్ మనిషి. ఐపీఎల్ ఆఖరి వారంలో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కి చేరాలంటే ఎవరు ఎవరి చేతిలో ఓడాలో, మనవాళ్ళు ఎన్ని బంతులు మిగిల్చి గెలవాలో వేళ్ళ మీద లెక్కేసి చెప్పేస్తాడు. అలాంటివాడికి కూడా టెన్నిస్ లెక్క ఒక పట్టాన ఎక్కదు. తప్పు అతనిది కాదు. ఐపీఎల్‌లో పది జట్లూ తలా పద్నాలుగు మ్యాచ్‌లు ఆడతాయి, గెలిస్తే రెండు పాయింట్లు. టెన్నిస్‌లో ఎవడు ఎన్ని టోర్నీలు ఆడాలో, ఎక్కడ ఆడాలో చాలావరకు వాడిష్టం. ఒక్కో చోట గెలుపుకి ఒక్కో ధర. పైగా గెలిచిందంతా లెక్కలోకి రాదు.

ఫోన్‌లో "ఒకాయన తప్పుకున్నాడు, ఇతనికి ఛాన్సొచ్చింది" అని తేల్చేశాను. తర్వాత నాకే తృప్తిగా అనిపించలేదు. ఆ తొమ్మిదో వాడు ఇటలీకి చెందిన లొరెంజో ముసెట్టి. ఏడాది చివర ఎనిమిది మంది పురుషులతో జరిగే ఆ టోర్నీకి, అంటే ఏటీపీ ఫైనల్స్‌కి, అర్హత సంపాదించే రేసు ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి అతని 2025 సీజన్‌ను మించిన ఉదాహరణ లేదు.

గాదెలో ధాన్యం, ఈ ఏటి పంట

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పురుషుల టెన్నిస్‌లో రెండు పట్టికలు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకటి ర్యాంకింగ్. అది గడచిన 52 వారాల లెక్క. పోయినేడు ఇదే టోర్నీలో తెచ్చుకున్న పాయింట్లు ఈ ఏడు అదే టోర్నీ రాగానే రాలిపోతాయి, వాటి చోట కొత్తవి వచ్చి చేరతాయి. అందుకే పోయినేడు టైటిల్ కొట్టినవాడు ఈసారీ కొడితే ఉన్నచోటే ఉంటాడు. రెండోది రేసు. ఇది కొత్త సీజన్‌తో పాటు సున్నా దగ్గర మొదలవుతుంది. ప్రపంచ నంబర్ వన్ అయినా, నిన్నటిదాకా కింది స్థాయి చాలెంజర్ టోర్నీల్లో తిరిగిన కుర్రాడైనా ఒకే గీత మీద నిలబడాలి.

మన భాషలో చెప్పాలంటే ర్యాంకింగ్ గాదెలో ఉన్న ధాన్యం, రేసు ఈ ఏటి పంట. జనవరి రెండో వారంలో రేసు పట్టిక తెరిస్తే నవ్వొస్తుంది. ఏదో చిన్న టోర్నీ గెలిచినవాడు పైన, ఇంకా బరిలోకి దిగని స్పెయిన్ మేటి ఆటగాడు అల్కరాజ్ ఎక్కడో అడుగున ఉంటారు. ఆ పట్టికను అప్పుడు ఎవరూ పట్టించుకోరు. సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ అయిపోయాక మాత్రం ర్యాంకింగ్ పక్కకు జరుగుతుంది. అప్పట్నుంచి లాకర్ రూములో అయినా, కామెంటరీలో అయినా మాటంతా రేసు గురించే. సీజన్ ముగిసేసరికి ఎలాగూ రెండు పట్టికలూ ఒకటే అయిపోతాయి.

ఏటీపీ ఫైనల్స్ 1970లో టోక్యోలో మొదలైంది. న్యూయార్క్, ఫ్రాంక్‌ఫర్ట్, హానోవర్, షాంఘై, లండన్ లాంటి ఊళ్ళు తిరిగి 2021 నుంచి ఇటలీలోని ట్యూరిన్‌లో జరుగుతోంది. ఎనిమిది మంది, నలుగురేసి రెండు గ్రూపులు. ఒక మ్యాచ్ ఓడినా ఇంటికి పోనక్కర్లేని టోర్నీలు ఏటీపీ క్యాలెండర్‌లో అరుదు. డబ్బు సంగతీ చెప్పుకోవాలి. 2025లో సింగిల్స్‌లో బరిలోకి దిగినందుకే ఒక్కొక్కరికి 3,31,000 డాలర్లు, అంటే అప్పటి మారకం ప్రకారం మూడు కోట్ల రూపాయలకు కాస్త తక్కువ. మూడు మ్యాచ్‌లూ ఓడినా ఆ సొమ్ము ఎటూ పోదు. అన్నీ గెలిచిన విజేతకు 50,71,000 డాలర్లు. ఎనిమిదో కుర్చీ కోసం అంత పెనుగులాట ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

పాయింట్ల ధరలు

టోర్నీల పేర్లలోనే ధర ఉంటుంది. మాస్టర్స్ 1000 గెలిస్తే 1000 పాయింట్లు, ఏటీపీ 500 గెలిస్తే 500, ఏటీపీ 250 గెలిస్తే 250. వీటన్నిటి పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. విజేతకు 2000, రన్నరప్‌కు 1300, సెమీస్‌లో ఓడితే 800, క్వార్టర్స్‌లో ఓడితే 400, నాలుగో రౌండులో ఓడితే 200. ఏ స్థాయి టోర్నీలోనైనా రన్నరప్‌కు దక్కేది విజేత పాయింట్లలో సుమారు 65 శాతం. ఏటీపీ 250లో అది 165. ఈ 165ను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఈ ధరల్లో ఒక వింత ఉంది. గ్రాండ్‌స్లామ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి నాలుగోది ఓడినవాడికి 200. ఏదో ఊళ్ళో వారమంతా ఉండి, ఆడిన ప్రతి మ్యాచ్‌ గెలిచి, కప్పుతో ఫొటో దిగినవాడికి 250. ఒక్క గ్రాండ్‌స్లామ్ సెమీస్‌తో వచ్చే 800, మూడు చిన్న టైటిళ్ళు కొడితే వచ్చే 750 కంటే ఎక్కువ. చిన్న టోర్నీలు ఎన్ని గెలిచినా చిల్లర పోగేసుకున్నట్టే. పెద్ద నోటు కావాలంటే పెద్ద చోట రెండో వారం దాకా నిలబడాలి. 2025 అక్టోబరులో షాంఘై మాస్టర్స్‌కి 204వ ర్యాంకుతో, అదీ క్వాలిఫయింగ్ ఆడి వచ్చిన మొనాకో ఆటగాడు వలెంటిన్ వాషెరో సెమీస్‌లో జొకోవిచ్‌ను, ఫైనల్లో తన కజిన్ ఆర్థర్ రిండర్‌నెష్‌ను ఓడించి 1000 పాయింట్లు మూటగట్టుకుపోయాడు. నాలుగు ఏటీపీ 250 టైటిళ్ళ పెట్టు అది.

2025లో ఆ పెద్ద నోట్లన్నీ ఇద్దరి జేబుల్లోకే పోయాయి. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లనూ ఇటలీకి చెందిన సినర్, అల్కరాజ్ చెరి రెండు పంచుకున్నారు. అందులో మూడు ఫైనల్స్ ఆ ఇద్దరి మధ్యే జరిగాయి. బయటివాడికి దక్కిన ఫైనల్ ఒక్కటే, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రన్నరప్ అయిన జ్వెరెవ్‌ది. ట్యూరిన్ మొదలయ్యే ముందు రేసులో అల్కరాజ్‌కు 11,050 పాయింట్లు, సినర్‌కు 10,000. అదీ ఫిబ్రవరి నుంచి మే మొదటి వారం దాకా మూడు నెలలు సస్పెన్షన్‌లో కూర్చున్న సినర్‌కు! మూడో స్థానంలో జ్వెరెవ్ 4,960 దగ్గర ఉన్నాడు. అందులో 1300, అంటే నాలుగో వంతు పైన, జనవరిలో మెల్‌బోర్న్‌లో తెచ్చుకున్నవే. ఏడాది తొలి నెల పంటతోనే అతని గింజలు పావు వంతు పైగా సమకూరాయి.

అందుకే 2025 రేసును ఒకే పరుగుపందెంగా చూడకూడదు. ముందు ఇద్దరి ఆట వేరే మైదానంలో. వెనక జ్వెరెవ్, జొకోవిచ్ కాస్త నిశ్చింతగా ఉన్నారు. అసలు తోపులాట ఐదో స్థానం నుంచి తొమ్మిదో స్థానం దాకా. అన్ని టోర్నీలూ ముగిశాక ఆ వరుస ఇలా తేలింది: షెల్టన్ 3970, ఫ్రిట్జ్ 3935, డి మినార్ కూడా 3935, కెనడాకు చెందిన ఫెలిక్స్ ఓజే-అలియాసీమ్ 3845, ముసెట్టి 3840. పదకొండు నెలల పాటు ఖండాలు తిరిగి ఆడిన ఐదుగురి మధ్య తేడా 130 పాయింట్లు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఐదు.

ఒకరిది రబీ, ఒకరిది ఖరీఫ్

ఈ ఐదు పాయింట్లు ఎక్కడ పోయాయో వెతకడం నాకు సరదా. దానికి ముందు ఇద్దరి పంటల తీరు చూడాలి.

ముసెట్టిది ప్రధానంగా రబీ. మట్టి కోర్టుల మీద అతనిది చూడముచ్చటైన ఆట, ముఖ్యంగా ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. ఏప్రిల్‌లో మాంటెకార్లో ఫైనల్, తర్వాత మాడ్రిడ్‌లో సెమీస్, రోమ్‌లో సెమీస్, జూన్ మొదట్లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్. 650, 400, 400, 800, వెరసి 2250. రెండు నెలల్లో నాలుగు టోర్నీల పంట అది. అప్పటికి చూసినవాళ్ళెవరైనా ఇతనికి ట్యూరిన్ టికెట్ ఖాయమనే అనుకుని ఉంటారు. కానీ ఆ ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లో అల్కరాజ్‌తో ఆడుతూ గాయంతో మధ్యలోనే తప్పుకున్నాడు. వింబుల్డన్‌లో మొదటి రౌండులోనే ఓడాడు, చేతికొచ్చింది 10 పాయింట్లు.

ఫెలిక్స్‌ది ఖరీఫ్. సీజన్ మొదట్లో అడిలైడ్, మాంట్‌పెలియర్ టైటిళ్ళు, దుబాయ్‌లో ఫైనల్ ఉన్నా, వేసవి అంతా అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఆగస్టు చివర్లో అమెరికన్ ఓపెన్‌తో కథ మారింది. అక్కడ సెమీస్‌తో 800, షాంఘైలో క్వార్టర్స్‌తో 200, బ్రస్సెల్స్ టైటిల్‌తో 250. అక్టోబరు ఆఖరుకి పారిస్ మాస్టర్స్‌కి వచ్చేసరికి ముసెట్టి వెనకే ఉన్నాడు గానీ, అడుగుల చప్పుడు వినిపించేంత దగ్గరగా వచ్చేశాడు.

పారిస్‌లో ముసెట్టి తన మొదటి మ్యాచ్‌లోనే తోటి ఇటాలియన్ సొనెగో చేతిలో ఓడిపోయాడు. మొదటి సెట్ గెలిచి మరీ ఓడాడు. ఇక అతని చేతిలో ఏమీ లేదు, టీవీ ముందు కూర్చోవడమే. ఫెలిక్స్ ఒక్కో రౌండు దాటుకుంటూ వచ్చాడు. సెమీస్ చేరినా సరిపోలేదు, అప్పటికీ లెక్కలో ముసెట్టే ముందు. ముసెట్టి 3685, సెమీస్ దగ్గర ఆగిపోతే ఫెలిక్స్‌కు 3595. సెమీస్‌కూ ఫైనల్‌కూ మధ్య తేడా 250 పాయింట్లు. కాబట్టి బబ్లిక్‌తో జరిగిన ఆ సెమీఫైనల్ ఒక్క మ్యాచ్ ఖరీదు ఒక ఏటీపీ 250 టైటిల్‌తో సమానం. ఫెలిక్స్ 7-6, 6-4తో గెలిచాడు. ఫైనల్లో సినర్ చేతిలో ఓడినా అప్పటికే పని అయిపోయింది. 3845తో 160 పాయింట్లు ముందుకెళ్ళి కూర్చున్నాడు.

ట్యూరిన్‌కు ముందు మిగిలింది ఒక్క వారం, రెండు చిన్న టోర్నీలు. ఒకటి ఫ్రాన్స్‌లోని మెట్జ్, రెండోది ఏథెన్స్. ఫెలిక్స్ మెట్జ్‌లో పేరిచ్చి కూడా తప్పుకున్నాడు. ముసెట్టి ఏథెన్స్ వెళ్ళాడు.

165 ఎందుకు 155 అయింది

ఇప్పుడు మా బావమరిదికి నేను చెప్పలేకపోయిన అసలు మెలిక.

తేడా 160. ఏటీపీ 250లో ఫైనల్ చేరితే 165. అంటే ముసెట్టి ఫైనల్ చేరితే చాలు, ఐదు పాయింట్లు మిగులు, పని అయిపోయినట్టే గదా? ఆ వారం నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ వార్తలన్నీ ఒకటే మాట: ముసెట్టి టైటిల్ గెలవాల్సిందే, ఫైనల్ చాలదు. ఎందుకు?

ఎందుకంటే ఈ లెక్కలో ఆడిన ప్రతి టోర్నీ చేరదు. 2025లో ఒక ఆటగాడికి లెక్కకొచ్చిన ఫలితాలు 19. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, తప్పనిసరిగా ఆడాల్సిన ఎనిమిది మాస్టర్స్ టోర్నీలు, మిగతావాటిల్లో మెరుగైన ఏడు. ఆ తప్పనిసరి పన్నెండూ బాగా ఆడినా, మొదటి రౌండులో ఓడినా లెక్కలో ఉండాల్సిందే. ముసెట్టికి వింబుల్డన్ 10 చచ్చినట్టు అలాగే ఉండిపోయింది. మిగతా ఏడు గళ్ళు మాత్రం నిండుగా ఉంటే, కొత్త ఫలితం రావాలంటే వాటిలో అన్నిటికంటే చిన్నది బయటికి పోవాలి. ఇరుకింట్లోకి కొత్త బీరువా తెస్తే పాత పెట్టెను బయట పెట్టాల్సిందే గదా, అలాగన్నమాట.

ముసెట్టి గళ్ళు అప్పటికే నిండిపోయాయి. బయటికి పోయేది 10 పాయింట్ల ఫలితం ఒకటి. కాబట్టి ఫైనల్ చేరితే పైకి 165 వచ్చినా నికరంగా పెరిగేది 155. 3685కి 155 కలిపితే 3840. ఫెలిక్స్‌ది 3845. టైటిల్ గెలిస్తే 250లోంచి ఆ 10 పోగా 240, మొత్తం 3925. ఆ రాత్రి ఒక పాత కరెంటు బిల్లు వెనక ఈ కూడికలు వేసుకున్నాక గానీ నాకు మనసు కుదుటపడలేదు. ఒక 10 పాయింట్ల పాత ఫలితం, గుర్తుపెట్టుకోవడానికి కూడా పనికిరానిది, పోతూ పోతూ మనిషిని తొమ్మిదో స్థానంలో కట్టేసి పోయింది.

సీడెడ్ ఆటగాడిగా మొదటి రౌండు బై, అంటే ఆడకుండానే రెండో రౌండులోకి ప్రవేశం, వచ్చింది గనక నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే చాలు. మొదటిదే నలభై ఏళ్ళ వావ్రింకాతో. ఆ పెద్దాయన తేలిగ్గా వదల్లేదు, మూడు సెట్లు ఆడించాడు. సెమీస్‌లో కోర్డాతో మళ్ళీ మూడు సెట్లు. నవంబరు 8, శనివారం ఫైనల్. అవతల జొకోవిచ్. ఆయన సొంతూరు బెల్‌గ్రేడ్ నుంచి ఏథెన్స్‌కు మారిన టోర్నీ అది, ఒకరకంగా ఆయన ఇంటి పెళ్ళి లాంటిది. ముసెట్టి మొదటి సెట్ 6-4తో గెలిచాడు. రెండోది 6-3తో జొకోవిచ్‌ది. దాదాపు మూడు గంటలు నడిచాక మూడోది 7-5, అదీ జొకోవిచ్‌దే. ఆయనకు అది 101వ టైటిల్. ముసెట్టికి 3840.

చెంగ్డూలో వదిలేసిన 85

అందరూ ఏథెన్స్ దగ్గరే ఆగిపోతారు. నేను ఇంకాస్త వెనక్కి వెళ్తాను. సెప్టెంబరులో చైనాలోని చెంగ్డూలో ఒక ఏటీపీ 250 ఫైనల్ జరిగింది. ముసెట్టి, చిలీ ఆటగాడు తబిలో. మూడో సెట్‌లో ముసెట్టికి రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు వచ్చాయి. రెండూ చేజారాయి. టైబ్రేక్‌లో తబిలో గెలిచాడు. ముసెట్టికి 165 వచ్చింది. ఆ రెండిట్లో ఏ ఒక్కటి గెలిచినా 250 వచ్చేది. తేడా 85.

నవంబరులో అతనికి తక్కువైంది ఐదు.

ఈ రేసును నవంబరు వారాల పందెంగా చూపిస్తారు గానీ, చూడబోతే అది తేలిపోయేది ఎప్పుడో, ఎవరూ పెద్దగా చూడని ఒక మామూలు రోజున. చెంగ్డూలో ఆ రెండు పాయింట్లు ఆడుతున్నప్పుడు ట్యూరిన్ మాట ఎవరి నోటా లేదు. ఆ 85 ఉంటే ముసెట్టి ఏథెన్స్‌లో ఫైనల్ చేరగానే పని పూర్తయ్యేది. ఫైనల్ దాకా కూడా అక్కర్లేదేమో, సెమీస్ దగ్గరే లెక్క తేలిపోయేది.

వెయిటింగ్ లిస్టు ఒకటి

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే మా బావమరిది ఫోన్ చేసేవాడు కాదు.

ఏథెన్స్ ఫైనల్ గెలిచిన ఆ రాత్రే జొకోవిచ్ భుజం నొప్పి కారణంగా ట్యూరిన్‌లో ఆడటం లేదని ప్రకటించాడు. ఆయన అర్హత ఎప్పుడో సాధించాడు. ఆ కుర్చీ ఖాళీ. రూలు ప్రకారం రేసులో తర్వాతివాడికి పిలుపు వస్తుంది. రైల్లో వెయిటింగ్ లిస్టు ఒకటి లాంటిది తొమ్మిదో స్థానం. చార్టు వేసేలోపు ఎవరో క్యాన్సిల్ చేస్తే కన్ఫర్మ్. ముసెట్టికి తన టికెట్ చింపేసిన మనిషే గంటల్లో తన బెర్తు ఇచ్చి వెళ్ళాడు.

ఇక్కడ నాకు ఇంకో సంగతి తట్టింది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆ ఫైనల్ ముసెట్టి గెలిచాడనుకుందాం. అతను ఎనిమిది, ఫెలిక్స్ తొమ్మిది. జొకోవిచ్ ఎలాగూ తప్పుకుంటే ఆ ఖాళీలోకి ఫెలిక్స్ వచ్చేవాడు. అంటే మూడు గంటల ఆ మ్యాచ్ ఎటు తిరిగినా ట్యూరిన్‌లో ఆడే ఎనిమిది మందీ వాళ్ళే! ఇంత ఉత్కంఠతో చూసిన మ్యాచ్ ఫలితం, దేనికోసమైతే చూశామో దాన్ని ఇసుమంత కూడా మార్చలేదు. ఇద్దరి కాళ్ళనూ మాత్రం అరగదీసింది.

అందుకే ఆ ఆఖరి వారం మీద నాకు గురి లేదు. పారిస్‌తో రేసు ముగించేసి, వారం రోజులు ఆటగాళ్ళను ఊపిరి పీల్చుకోనివ్వాలి. శనివారం రాత్రి ఏథెన్స్‌లో మూడు సెట్లు ఆడినవాడు సోమవారం ట్యూరిన్‌లో ఫ్రిట్జ్‌తో ఆడాల్సి వచ్చింది. 6-3, 6-4తో ఓడాడు. ఓడక ఏం చేస్తాడు?

వెయిటింగ్ లిస్టులోంచి వచ్చి బండి నడిపినవాళ్ళూ లేకపోలేదు. 2005లో షాంఘైలో రాడిక్ తప్పుకుంటే అర్జెంటీనాకు చెందిన నల్బందియన్‌కు పిలుపొచ్చింది. సీజన్ అయిపోయిందనుకుని చేపల వేటకు బయల్దేరబోతున్న మనిషి విమానమెక్కాడు. ఫైనల్లో ఫెదరర్‌కు మొదటి రెండు సెట్లూ టైబ్రేక్‌లలో పోగొట్టుకుని, తర్వాతి మూడూ గెలిచి కప్పు పట్టుకెళ్ళాడు.

గ్రాండ్‌స్లామ్ కోటా

ఇంతవరకూ ఎనిమిది మంది అన్నాను గానీ, కచ్చితంగా చెప్పాలంటే పాయింట్ల మీద నేరుగా వచ్చేది ఏడుగురే. ఎనిమిదో కుర్చీకి ఒక షరతు ఉంది. ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడెవడైనా రేసులో 8 నుంచి 20 మధ్య ఉంటే ఆ కుర్చీ అతనిదే. అలాంటివాడు లేకపోతేనే ఎనిమిదో స్థానం వాడికి. 2025లో గ్రాండ్‌స్లామ్‌లన్నీ మొదటి ఇద్దరివే గనక ఈ రూలుతో పని పడలేదు.

2022లో పడింది. రష్యా, బెలారస్ ఆటగాళ్ళను రానివ్వలేదని ఆ ఏడు వింబుల్డన్‌కు పాయింట్లే ఇవ్వలేదు. జొకోవిచ్ కప్పు గెలిచి సున్నా పాయింట్లతో ఇంటికెళ్ళాడు. మొదటి ఏడుగురిలో లేకపోయినా ఈ కోటా కిందే ట్యూరిన్ వెళ్ళాడు, అన్ని మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ కొట్టాడు. రూలు పుట్టిందే అతనికోసమా అన్నట్టు కుదిరింది.

మహిళల డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో ఇదే రూలును 2024లో తెచ్చారు. తెచ్చిన ఏడే ఒకరి నోటి దగ్గర కూడు తీసింది. అమెరికన్ ఎమ్మా నవారో రేసులో ఎనిమిదో స్థానంలో ఉంది. అయినా ఆ చోటు వింబుల్డన్ గెలిచిన క్రెజికోవాకు పోయింది. నాకైతే నవారో మీద జాలి ఉన్నా రూలు మీద కోపం లేదు. ఏడాదికి నాలుగే వచ్చే కప్పుల్లో ఒకటి గెలిచినవాళ్ళు లేని సీజన్ ముగింపు టోర్నీ, పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు లేని పెళ్ళిలా ఉంటుంది.

మహిళల వైపు 2025 కథ ఇంకా ఘాటైనది. రిబాకినా అక్టోబరు మధ్యలో మిర్రా ఆండ్రీవా కంటే వెనక ఉంది. నింగ్బోలో టైటిల్ కొట్టింది, మరుసటి వారమే టోక్యోలో క్వార్టర్స్ గెలిచి ఆఖరి చోటు పట్టేసింది. పట్టిన వెంటనే సెమీస్ ఆడకుండా తప్పుకుంది. అందరికంటే చివర అర్హత పొందిన ఆమె రియాద్‌లో జరిగిన డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో ఐదుకు ఐదు మ్యాచ్‌లూ గెలిచింది, ఫైనల్లో నంబర్ వన్ సబలెంకాను 6-3, 7-6తో ఓడించి 52,35,000 డాలర్లు అందుకుంది. అలసటతో ముసెట్టి ఓడాడని పైన నేనే అన్నాను. అదే లెక్క రిబాకినా దగ్గర తప్పింది. చివరిదాకా పరుగెత్తినవాళ్ళు ఒక్కోసారి ఆగకుండా ఇంకో నాలుగడుగులు వేసేస్తారు.

డబుల్స్‌లో ఇంకో మడత ఉంది, అది మన హైదరాబాద్ వాళ్ళకు బాగా తెలిసిన మనిషి దగ్గర కనిపిస్తుంది. సీజన్ ముగింపు టోర్నీకి పాయింట్లు జంటకు లెక్క, మనిషికి కాదు. సానియా మీర్జా 2015 జనవరిలో సిడ్నీ టైటిల్ బెథనీ మాటెక్-శాండ్స్‌తో కలిసి గెలిచింది, మార్చిలో ఇండియన్ వెల్స్ నుంచి మార్టినా హింగిస్‌తో జట్టు కట్టింది. సిడ్నీ పాయింట్లు సానియా సొంత ర్యాంకింగ్‌లో ఉంటాయి గానీ సానియా-హింగిస్ జంట లెక్కలోకి రావు. ఆ జంట మార్చిలో సున్నాతో మొదలెట్టింది. వింబుల్డన్, అమెరికన్ ఓపెన్ గెలిచాక మిగతావాళ్ళకు అందనంత దూరం పోయింది, సింగపూర్‌లో జరిగిన ఫైనల్స్ కూడా గెలిచింది. అంతకు ముందేడు కారా బ్లాక్‌తో కలిసి అదే కప్పు గెలిచిన సానియాకు వరుసగా రెండోది, వేరే భాగస్వామితో.

సోమవారం తర్వాత

ట్యూరిన్‌లో ముసెట్టి తన రెండో మ్యాచ్‌లో డి మినార్‌ను 7-5, 3-6, 7-5తో ఓడించాడు. సొంత దేశం, సొంత జనం, మూడో సెట్‌లో హాలు ఊగిపోయింది. గ్రూపులో ఒక గెలుపుకు 200 పాయింట్లు. చివరి మ్యాచ్ అల్కరాజ్‌తో. ముసెట్టి గెలిస్తే అతనికి సెమీస్ ఆశ, సినర్‌కు నంబర్ వన్ ఆశ. ఇటలీ మొత్తం ఒకేసారి ఇద్దరి కోసం అరిచింది. అల్కరాజ్ 6-4, 6-1తో ముగించాడు, ఏడాది చివరి నంబర్ వన్ తనదే చేసుకున్నాడు. ఆదివారం ఫైనల్లో మాత్రం సినర్ చేతిలో ఓడాడు.

ఫెలిక్స్ గ్రూపులో రెండు గెలిచి సెమీస్ దాకా వెళ్ళాడు. రెండు గెలుపులు 400. షెల్టన్ మూడూ ఓడాడు, సున్నా.

మా బావమరిదికి అప్పుడు నేనే ఫోన్ చేశాను. సీజన్ చివరి పట్టిక చదివి వినిపించాను. ఎనిమిదో వాడిగా వెళ్ళిన ఫెలిక్స్ 4245తో ఐదో స్థానం. ఫ్రిట్జ్, డి మినార్ ఇద్దరికీ మళ్ళీ సమానంగా 4135. షెల్టన్ 3970 దగ్గరే ఆగిపోయి తొమ్మిదికి జారాడు. ముసెట్టి 3840కి 200 చేరి 4040.

"అంటే?" అన్నాడు.

"ఎనిమిదో ప్లేసు."